ఆరు తప్పుల్లో నాలుగు

మా మేనత్తకు మనుషులు నచ్చరు. ఫలానా మనిషి అని కాదు, మనిషి అనే సరుకే నచ్చదు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆవిడ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. బడిపిల్లల పుస్తకాలు, బస్సుల వేళల పట్టికలు, మందు డబ్బాల్లో మడిచిపెట్టే సన్నటి కాగితాలు, అన్నీ ఆవిడ ఎర్ర కలం కిందనుంచే బయటికి వెళ్ళేవి. చివరికి లోకం మొత్తం తనకు దిద్దడానికి పంపిన కాగితంలా కనబడడం మొదలైంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చినవాళ్ళంతా తప్పుల తడకలు. అంత తిరగరాసే ఓపిక నాకు లేదు" అనేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆవిడకు ప్రేమగా ఒక ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా నా ఉత్తరమే నాకు తిరిగొచ్చింది, పదకొండు చోట్ల ఎర్ర సున్నాలతో. అడుగున "భావం పరవాలేదు" అని రాసి ఉంది. ఆ తర్వాత నేను ఆవిడకు ఒక్క ముక్క రాయలేదు. మా ఇంట్లో ఆవిడకు పెట్టిన పేరు ఎర్రపెన్ను. ఆవిడ లేనప్పుడే ఆ పేరు వాడేవాళ్ళం. మా ధైర్యం అంతమాత్రం.

మేమేదో ఉత్తములమని చెప్పడం లేదు. మా ఇంటి నుంచి ఆవిడ ఇంటికి బస్సులో నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలను మేం సముద్రం చేసుకున్నాం. ఏడాదికి రెండుసార్లు మా నాన్న, అంటే ఆవిడ తమ్ముడు, వెళ్ళి గుమ్మంలోనే నిలబడి "ఎలా ఉన్నావక్కా?" అని అడిగేవాడు. "నాకేం?" అనిపించుకునేవాడు. ఆ రెండక్షరాలనూ భద్రంగా ఇంటికి మోసుకొచ్చి, "అక్కకేం, గట్టిది" అని మా అందరికీ పంచిపెట్టేవాడు. ఆర్నెల్లకు సరిపడా మనశ్శాంతి.

ప్రెస్సు వెనక సందులో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఆవిడ ఇరవై ఆరేళ్ళు ఉంది. అరవయ్యో ఏట ఉన్నట్టుండి ఉద్యోగం మానేసింది. ఎందుకంటే, "ప్రెస్సు చెడిపోయింది. వెధవలు చేరారు" అంది. నమ్మేశాం. ఎక్కడ చూసినా ఆవిడకు కనిపించేది వెధవలే కదా. మరుసటి ఏడాది ఆ భవనం పడగొడుతున్నామని యజమాని కబురు పెట్టాడు.

సామాను సర్దడానికి నేను వెళ్ళాను. నాన్నకు ఆ రోజే నడుం పట్టేసింది. ఇరవై ఆరేళ్ళు ఎక్కి దిగిన మెట్ల మీదుగా ఆవిడ మంచం, బీరువా, పుస్తకాల మూటలు దిగిపోతుంటే ఒక్క తలుపు మాత్రం తెరుచుకుంది. ఎదురింటాయన తల బయటికి పెట్టి, "అప్పుడే ఖాళీ చేస్తున్నారా? ఆ బట్టల తీగ వదిలేసి వెళ్తారా?" అని అడిగాడు.

అత్త వెనక్కి వెళ్ళి, మేకుల నుంచి తీగ విప్పి, చుట్ట చుట్టి సంచిలో వేసుకుంది. కిందికి వచ్చాక నాతో అంది: "ఇన్నేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట. అందులోనూ కర్త లేడు. అయినా ఇరుగుపొరుగంటే అలా ఉండాలే. ఒక్క పూట విసిగించలేదు."

కొత్త ఇల్లు ఊరి చివర, మూడంతస్తుల భవనంలో మొదటి అంతస్తు. రెండు గదులు, వంటిల్లు, వీధివైపు ఒక కిటికీ. మేం చేరేసరికి తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. లావుపాటి నల్ల మార్కరుతో, తలుపంత అక్షరాలతో కాకపోయినా ఆ ఉద్దేశంతోనే రాసిన రాత:

"కొత్తగా దిగిన పిన్నిగారికి స్వాగథం. ఏ కస్టం వచ్చినా ఎధురింటి తలుపు తట్టంది. మొహమ్మాటం వద్దు. ఇట్లు, మీ ఇరుగుఫొరుగు."

అత్త దాన్ని పీకి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని, వాసన చూస్తున్నట్టు చదివింది. అసహ్యంతో అలా చేస్తోందనుకున్నాను. సంచిలోంచి ఎర్ర కలం తీసి, గోడకు ఆనించి, చకచకా సున్నాలు చుట్టి, పక్కన దిద్దుబాట్లు రాసి, ఆ కాగితాన్ని తీసుకెళ్ళి ఎదురింటి తలుపుకు అంటించి వచ్చింది. నేను ఆ కాగితం వంక మళ్ళీ చూడలేదు. ఆవిడ దిద్దాక చూసేదేముంటుంది?

"అత్తా, పాపం ఏదో ప్రేమగా రాసుకున్నారు."

"ప్రేమకు వత్తులు అడ్డమా?" అంది.

నేను గిన్నెల పెట్టె విప్పుతుండగా తలుపు చప్పుడైంది. నలభై అయిదేళ్ళావిడ, సిటీ బస్సు కండక్టరు యూనిఫాంలోనే ఉంది. చేతిలో మూతపెట్టిన గిన్నె, చంకలో మా ఎర్ర సున్నాల కాగితం. తిట్లకు వచ్చిందనుకుని నేను లేచి నిలబడ్డాను.

"మా ఆయన రాశాడండీ! ఒకటో రెండో ఉంటాయనుకున్నా, ఏకంగా నాలుగా!" అని పగలబడి నవ్వింది. "నేను చెప్తే వినడండీ ఈ మనిషి. ఇప్పుడు నోరు పడిపోయింది. ఇదిగో, వేడిగా ఉంది, తినేయండి పిన్నిగారూ."

"నేను నీకు పిన్నినెప్పుడయ్యాను? మా అక్క నిన్ను కన్నట్టు నాకు గుర్తులేదే."

"అయితే అత్తగారూ అననా? వద్దులెండి, ఉన్న అత్తగారు చాలు నాకు. పిన్నిగారే బాగుంది." గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

అత్త గిన్నె మూత తీసి చూసి, "ఉప్పు ఎక్కువుంటుంది" అంది, రుచి చూడకుండానే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నాకు ఫోను వచ్చేది. పలకరింపు కాదు, ఫిర్యాదు. కండక్టరమ్మ భర్త దుకాణాలకు ఇనప షట్టర్లు బిగించే మనిషి. అడగకుండానే వచ్చి అత్త వంటింటి కుళాయి బాగుచేశాడట. పై అంతస్తులో ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారు, రోజూ పొద్దున్నే తలుపు కొట్టి, "బతికే ఉన్నారా?" అని అడిగి, ఉన్నానంటే "గుడ్" అని పోతున్నాడట. అత్త బస్టాపులో నిలబడితే కండక్టరమ్మ తన బస్సు అటు పోయేది కాకపోయినా కిటికీలోంచి తల బయటికి పెట్టి, వెనక వచ్చే బస్సు నంబరు ఊరంతా వినబడేలా అరుస్తోందట.

"వీళ్ళకేదో కావాలే. ఇంకా బయటపెట్టలేదు" అనేది అత్త. "బీమా పాలసీ అమ్ముతారో, సబ్బులు అమ్ముతారో. నవ్వులన్నీ ముందు నవ్వేసి, సంచి తర్వాత విప్పుతారు."

మూడు వారాలైనా ఎవరూ సంచి విప్పలేదు. అత్తకు అది మరీ అనుమానంగా తోచింది.

"ఈ వారం ఏం చేశాడో తెలుసా ఆ షట్టర్లాయన? మెట్ల అంచులన్నిటికీ తెల్ల రంగు పూశాడు. గోడవైపు ఇనప కమ్మీ ఒకటి బిగించాడు. ఇల్లు కాదు, బడిలా ఉంది. ఎందుకయ్యా అంటే, అందంగా ఉంటుందని పిన్నిగారూ అంటాడు. అందమట! వాళ్ళ మంచితనానికి వ్యాకరణం లేదే."

నేను నవ్వేదాన్ని. ఫోను పెట్టేశాక ఇంట్లో ఆవిడ గొంతు అనుకరించి చెబితే అందరూ నవ్వేవాళ్ళు. కడుపు నిండా నవ్వి, మళ్ళీ ఆదివారం దాకా ఆవిణ్ణి మరిచిపోయేవాళ్ళం.

నేను బడిలో టీచర్ని. మూడో నెలలో ఆ చుట్టుపక్కల మాకేదో శిక్షణ పెట్టారు. మధ్యాహ్నానికే అయిపోవడంతో, వేరే పని లేక అత్తను చూడడానికి వెళ్ళాను. వేరే పని లేక, అన్న మాట కావాలనే రాస్తున్నాను.

మెట్లెక్కుతుంటే కండక్టరమ్మ ఎదురైంది. డ్యూటీ దిగి వస్తున్నట్టుంది, టికెట్ల సంచి భుజానే ఉంది.

"మేనకోడలు కదూ? భలే వచ్చారు. ఒక్క నిమిషం, మా ఇంట్లోకి రండి." తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. "పిన్నిగారికి చూపు ఎప్పటి నుంచి ఆనడం లేదండీ?"

"చూపా? ఆవిడ ప్రూఫులు దిద్దేదండీ" అన్నాను. ఎంత తెలివైన జవాబో చూడండి. ఈతగాడు మునిగిపోతున్నాడంటే, అతనికి ఈత వచ్చండీ అన్నట్టు.

ఆవిడ బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్న కాగితం చూపించింది. మొదటి రోజు నాటి స్వాగతపత్రం. స్వాగథం, కస్టం, తట్టంది, మొహమ్మాటం, ఈ నాలుగింటికీ ఎర్ర సున్నాలు ఉన్నాయి.

"మా ఆయన దీన్ని ముచ్చటపడి అందరికీ చూపించాడండీ. పై మాస్టారు చూసి, ఇంకా రెండున్నాయే అన్నారు. ఇదిగో, ఎధురింటి. ఇదిగో, ఇరుగుఫొరుగు."

నిజమే. ద కింద ఉండకూడని చిన్న గీత, ప కింద ఉండకూడని చిన్న గీత. అక్షరం మొత్తం మారిపోయిన చోట, కింద ఇంకో అక్షరం చేరిన చోట అత్త పట్టుకుంది. అక్షరం కింద సన్నటి గీత ఒక్కటే తేడా ఉన్న చోట వదిలేసింది. డ్రిల్లు మాస్టారికి దొరికిన తప్పులు మా అత్తకు దొరకలేదు. ముప్పయ్యేళ్ళలో ఆవిడ అలా వదిలిందంటే నేను నమ్మేదాన్ని కాదు.

"ఇంత చదివినావిడ రెండెలా వదిలేసిందా అని మాస్టారు ఒకటే ఇదైపోయారు. అప్పటి నుంచి కనిపెడుతున్నాం. ఒకసారి మా ఆయన మెట్ల మీద ఓ పక్కగా ఊరికే నిలబడ్డాడు, పలకరించకుండా. ఆవిడ ఏం పట్టనట్టు పక్క నుంచి పోయింది. పొగరేమో అనుకున్నాం. పొగరైతే మూతైనా విరవాలి కదండీ. అదీ లేదు. మనిషున్నాడనే తెలియలేదు."

తెల్ల రంగు అందానికి కాదని, ఇనప కమ్మీ అలంకారం కాదని, బస్సు నంబరు అరవడం అతి కాదని అప్పుడు నా బుర్రకెక్కింది.

"మాకెవరికైనా చెప్పాల్సింది" అన్నాను, తప్పు వాళ్ళదైనట్టు.

"మీ నంబరు అడిగానండీ. 'మావాళ్ళకు బోలెడు పనులు' అంది." కండక్టరమ్మ ఆ మాట దెప్పడానికి అనలేదు. దెప్పి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

అత్త ఇంట్లోకి వెళ్ళి మొదటిసారి కళ్ళు తెరిచి చూశాను. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకు రెండు. గోడ గడియారం ఎక్కడ ఉండాలో అక్కడ లేదు, స్టూలు మీద మొహానికి అందేంత ఎత్తులో ఉంది. నాకు మంచినీళ్ళు పోస్తూ గ్లాసు అంచు మీద వేలు పెట్టుకుంది, నీళ్ళు తగలగానే ఆపడానికి. ఇవన్నీ ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో! సామాను సర్దిన రోజు ఆ రబ్బరు బ్యాండ్లను నా చేత్తో పీకి, పిసినారితనం అనుకుని పక్కన పడేశాను కూడా.

"అత్తా, కళ్ళు ఎవరికైనా చూపించుకున్నావా?"

గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఎవరు చెప్పారు?"

నేను నీళ్ళు నమిలాను. అది చాలు ఆవిడకు. విసురుగా లేచి, చేయి గోడకు రాసుకుంటూ ఎదురింటి తలుపు దగ్గరికి వెళ్ళి దబదబా బాదింది.

"నా మీద జాలిపడమని మిమ్మల్నెవరు అడిగారు? నా వెనక చేరి నేను గుడ్డిదాన్నని చెప్పుకుంటారా?"

కండక్టరమ్మ తలుపు తీసి నడుం మీద చేతులు పెట్టుకుంది. బస్సులో టికెట్టు కొననివాళ్ళతో మాట్లాడే గొంతు తీసింది.

"జాలా? మీ మీదా? మీ నోరు విన్నవాడెవడైనా జాలిపడతాడా పిన్నిగారూ? మెట్ల మీద నుంచి దొర్లితే కిందికి మోసుకెళ్ళాల్సింది మేము. మా ఆయనకు అసలే నడుంనొప్పి. మా బాధ మాది."

వెనక నుంచి షట్టర్లాయన, "నాకు నడుంనొప్పి ఎక్కడుందే?" అన్నాడు.

"నువ్వూరుకో!"

అత్త ఇంకేదో అనబోయి, వాళ్ళ గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడింది. ఎవరినీ చూడకుండా, ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

ప్రెస్సు చెడిపోలేదు. వెధవలెవరూ చేరలేదు. మూడో తరగతి లెక్కల పుస్తకం అట్ట మీద 'గణిత బోధిని' అని ఉండాల్సింది 'గణిత బోదిని' అని అచ్చయింది. ఆవిడ చూసి సంతకం పెట్టిన అట్ట. వేల ప్రతులు బళ్ళకు వెళ్ళాక ఎవరో టీచరు ఫోను చేశారు. ప్రెస్సు యజమాని ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. కొత్త అట్టలు వేయించి, ఆవిడ బల్ల మీద ఒకటి పెట్టి వెళ్ళిపోయాడట. "తిట్టి ఉంటే ఉండిపోయేదాన్ని" అంది అత్త. "ఆ రోజు నుంచి కంటి డాక్టరు వీధి వైపు కూడా పోలేదు. వెళ్తే చూపు పోయిందన్న మాట ఖాయమైపోతుందని."

షట్టర్లాయన కాసేపు ఆలోచించి, "బోదిని అంటే తప్పేంటండీ?" అని అడిగాడు.

అత్త అతనివైపు తిరిగిన తిరుగుడు చూస్తే ప్రాణం లేచొచ్చింది నాకు. మనిషి ఇంకా లోపలే ఉంది.

మర్నాడు కండక్టరమ్మా నేనూ చెరో చేయీ పట్టుకుని తీసుకెళ్తే, డాక్టరు చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయని, రెండేళ్ళ కిందటే రావలసిందని, ఆపరేషను చేస్తే చూపు వస్తుందని చెప్పాడు. అత్త ససేమిరా అంది. కంట్లో కత్తి పెట్టించుకోనంది. లోకాన్నంతటినీ గడ్డిపోచగా చూసే మనిషికి సూదంటే వణుకు! నేను బతిమాలాను. నాన్న ఫోనులో అరగంట ధైర్యం చెప్పాడు. ఆయనేనాడూ పన్ను కూడా పీకించుకోలేదు.

కండక్టరమ్మ బతిమాలలేదు. "మానేయండి పిన్నిగారూ, ఏం పోయింది! పేపరు అదీ చదవడానికి మా ఆయన ఉన్నాడుగా. రోజూ సాయంత్రం గంటసేపు పైకి చదివి వినిపిస్తాడు" అంది.

షట్టర్లాయన ఉత్సాహంగా అక్కడున్న పేపరు తీసి, ప్రధాన మంత్రిని 'ప్రదాన మంత్రి' చేసి మొదలుపెట్టాడు. రెండు వార్తలు కాకముందే అత్త, "తేదీ ఎప్పుడో అడగండి" అంది.

ఆపరేషను రోజు నేను సెలవు పెట్టేలోపే కండక్టరమ్మ డ్యూటీ మార్చుకుని ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఒక కన్ను అయ్యాక నెలకు రెండోది. కట్టు విప్పాక ఇంటికి వచ్చిన అత్త మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఇదేనా నువ్వు వేసిన గీత? పాము పాకినట్టుంది."

"మళ్ళీ వేస్తాలెండి" అన్నాడు షట్టర్లాయన.

ఆవిడ కండక్టరమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. మేం ఏదో మంచిమాట వస్తుందని ఎదురుచూశాం. "ఇంత పొట్టిదానివా? గొంతు వింటే తాటిచెట్టంత ఉంటావనుకున్నాను" అంది.

మర్నాడు నాన్న పళ్ళు పట్టుకుని వచ్చాడు. ఈసారి గుమ్మం దాటాడు. కుర్చీ అంచున కూర్చుని, "అక్కా, ఒక్కదానివీ ఎందుకు? మా ఇంటికి వచ్చెయ్యి" అన్నాడు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు, "ఎలాగూ రాదులే" అని అమ్మతో అనడం నేను విన్నాను.

అత్త ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ముసలాడివైపోయావురా. నేను చూడనే లేదు." తర్వాత పళ్ళ సంచి పక్కకు జరిపి, "మీ ఇంట్లో నా పేరేమిటో నాకు తెలుసు. ఇక్కడ కనీసం పిన్నిగారిని" అంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. నేను కిటికీలోంచి వీధిని శ్రద్ధగా చూశాను.

ఆ తర్వాత ఆదివారం ఫోన్లు ఆగిపోయాయి. నేనే చేస్తే, "పనిలో ఉన్నానే, తర్వాత" అనేది. ఏం పనో తెలుసుకుందామని వెళ్ళాను. వేరే పని లేక కాదు, ఈసారి పని మానుకుని వెళ్ళాను.

షట్టర్లాయన ఒక దుకాణం దగ్గర నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. కండక్టరమ్మకు వారం మించి సెలవు ఇవ్వలేదు. "తాళంచెవి ఇచ్చి పో" అందట అత్త. అప్పటి నుంచి పొద్దున అయిదింటికి ఆవిడ డ్యూటీకి వెళ్ళడం, అత్త ఆ ఇంట్లో చేరడం. వంట, మందులు, తిట్లు, మూడూ వేళకు అందుతున్నాయి.

నేను వెళ్ళేసరికి కట్టు విప్పేసి ఉన్నారు. రెండిళ్ళ మధ్యనున్న ఖాళీలో షట్టర్లాయన చేతికర్ర పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. పై మెట్టు మీద కూర్చుని డ్రిల్లు మాస్టారు లెక్కపెడుతున్నాడు. అత్త వెనకాలే నడుస్తోంది, పడితే పట్టుకునేంత దగ్గరగా.

"మడమ ముందు ఆనాలయ్యా, మడమ! కాలు నీదేనా, అద్దెకు తెచ్చావా?"

"నొప్పెడుతోంది పిన్నిగారూ."

"నొప్పెట్టక మరేం చేస్తుంది? నిచ్చెన ఎక్కేటప్పుడు బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళావు. మాస్టారూ, పదహారు తర్వాత పద్దెనిమిది ఎప్పటి నుంచి వస్తోంది? మళ్ళీ మొదటి నుంచి."

షట్టర్లాయన నావైపు దీనంగా చూశాడు. నేను చేసేదేమీ లేదు. అత్త నన్ను చూసింది, చెప్పుల నుంచి జడ దాకా.

"బాగా చిక్కావే" అంది. "లోపల అన్నం ఉంది, పెట్టుకుని తిను. ఇతన్ని వదిలిపెట్టడానికి ఇంకా అరగంట పడుతుంది."

నేను కండక్టరమ్మ వంటింట్లోకి వెళ్ళి కంచం తీసుకున్నాను. బయట లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది.